పుత్తూరు కట్టు

అటవీశాఖ ఆఫీసులో ఇరవై డాలర్లు కట్టి
ఒకే ఒక్క చెట్టుకి చీటీ తీసుకున్నాం.
దాంట్లో 'ఎందుకు' అని ఒక గడి.
డెల్బర్ట్ పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు.
చూసుకోవడానికి, అని రాయమన్నాను.

లారమీ దాటాక కొండ మీద
మే నెలలోనూ మంచు.
బండ నెర్రెలో జూనిపర్, నా మోకాలెత్తు.
మూడు వందల ఏళ్ళంటాడాయన,
నాలుగంటాను నేను.
సగం ఒళ్ళు ఎప్పుడో చచ్చి ఎముకలా తేలింది.
తక్కిన సగం
వేలెడు వెడల్పు బెరడు పట్టుకుని బతుకుతోంది.

గడ్డపారకి లొంగలేదు. వేళ్ళతోనే గీకాం.
పీచువేర్లు చేతికి తగిలేసరికి పొద్దు వాలింది.
తడిగోనెలో చుట్టి
పసిబిడ్డలా దించాం అని రాయబోయాను, కాదు,
మంచాన పడ్డ మేనత్తను
మేడ మీంచి దించినట్టు,
తిట్లు తింటున్నట్టే దించాం.

చెక్కపెట్టెలో ప్యూమిస్ రాళ్ళు పోసి నాటి
మూడేళ్ళు కత్తెర తాకించలేదు.
ముట్టుకోకపోవడమే పని, అన్నాడు డెల్బర్ట్.
ముప్పయ్యేళ్ళు గూడ్సుబండ్ల బ్రేకులు చూసినవాడు,
ఆగడం తెలుసు.
నాకు తెలీదు. నీళ్ళు పట్టే వంకతో
రోజుకి నాలుగుసార్లు వెళ్ళేదాన్ని.
చలికాలం పెట్టె చుట్టూ చెక్కపొట్టు కప్పి
గాలికి అడ్డంగా పాత తలుపొకటి నిలబెట్టాను.
రాత్రంతా గాలి ఆ తలుపు కొట్టేది.
మొదట్లో, ఎవరో వచ్చారని లేచేదాన్ని.

నాలుగో ఏడు కొసలు లేతగా సాగాయి.
వేరు పట్టింది, ఇక దాంతో మాట్లాడొచ్చు అన్నాడు.
ఆయన చేతులు వణుకుతాయి.
అందుకని చూపు ఆయనది, వేళ్ళు నావి.
చెట్టుకి ముఖం ఎటో తేల్చడానికే
రెండు ఆదివారాలు.
పచ్చగా నిండుగా ఉన్న వైపు నేను తిప్పితే
గాలి కొట్టిన వైపు ఆయన తిప్పేవాడు.

మొక్కై వంగనిది మానై వంగునా అని
మా లెక్కల మాస్టారు బెత్తంతో కలిపి చెప్పేవారు.
వంగుతుంది మాస్టారూ.
నానబెట్టిన నార బిగించి చుట్టి
దాని మీద రాగితీగ ఏటవాలుగా వేసి
ఈ ఏడు వేలి మందం,
వచ్చే ఏడు ఇంకో వేలి మందం.
అడిగే తీరు తెలియాలి.

అనుకున్నానో లేదో
టిక్‌మంది.

వక్క కొరికినంత చప్పుడు.
నేనెరుగుదును దాన్ని.
ఎనిమిదేళ్ళప్పుడు నా ఎడమ మోచేతిలోంచి విన్నాను.
నగరి నుంచి పుత్తూరుకి బస్సులో
నాన్న ఒళ్ళో.
ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు.
కట్టు కట్టిన పెద్దాయన అన్నదొక్కటే,
కదిలించమాక పాపా.
ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపుకోదు.
దండం పెట్టినా రవ్వంత వంకరే.

డెల్బర్ట్ కుర్చీలోంచి లేవలేదు.
"జీవనాడి తెగిందా?"
"సగం."
"ఇంకో సగం ఉందిగా."

పగులు మీద పేస్టు మెత్తి
నార ఇంకో మూడు చుట్లు చుట్టాను.
బద్దలు లేవు, అంతే తేడా.
ఏమే, కదలమాక, అని
ఇక్కడెవరికీ అర్థం కాని యాసలో చెప్పాను దానికి.

మేం కాగితం మీద గీసుకున్న బొమ్మలోకి
ఆ కొమ్మ రానే లేదు.
వంగినంత వంగి అక్కడే ఉండిపోయింది.
కాగితం డెల్బర్ట్ చించలేదు,
వెనక వైపు కిరాణా చీటీ రాసుకున్నాడు.

ఈ జూన్‌లో నార కొస ఎత్తి చూశాను.
పగులు పెదాలు దగ్గరపడి
మధ్యలో చిన్న బుడిపె.
బెరడు తీగని మింగకముందే తియ్యాలి.
విప్పకూడదట,
ముక్కముక్కగా కత్తిరించి రాల్చాలి.

రేపు ఆదివారం.
చూడ్డానికొస్తానన్నాడాయన,
గాలి తగ్గితే.